గాలి నిలవని మెరుపు: పెట్రోమాక్స్ లైట్లపై అపోహలు - వాస్తవాలు

పోయిన దసరాకి ముందు ఒకాయన పాత పెట్రోమాక్స్ లైటు, అదే పంపుతో గాలి కొట్టి వెలిగించే కిరోసిన్ దీపం, తెచ్చి నా బల్ల మీద పెట్టారు. తాతగారి నాటిది. చింతపండు అయింది, గరుకు కాగితం అయింది, చివర్న బఫింగ్ మిషను కూడా అయింది. ట్యాంకులో ముఖం చూసుకోవచ్చు. "అంతా రెడీ అండీ, వెలిగించి ఇస్తే చాలు, గృహప్రవేశానికి పెట్టుకోవాలి" అన్నారు.

నేను కిరోసిన్ పోయలేదు. ట్యాంకు నిండా నీళ్లు పోసి, మూత బిగించి, పంపు అందుకున్నాను. పదిసార్లు కొట్టానో లేదో, ట్యాంకు భుజం మీద వెంట్రుకంత గీత నుంచి సన్నటి ధార లేచింది. ఇంకో రెండు దెబ్బలకి మరో మూడు చోట్ల నుంచి లేచింది. నీళ్లు కాబట్టి ఆయన చొక్కా తడవడంతో పోయింది.

మా నాన్నది సప్లయిర్స్ షాపు. షామియానాలు, గాడిపొయ్యి గుండిగలు, వాటితో పాటు పదహారు పెట్రోమాక్సులు. పెళ్లి ఊరేగింపులో చుట్టకుదురు మీద లైటు పెట్టుకుని నడిచే మనుషులు సాయంత్రం నాలుగింటికే మా అరుగు మీద చేరేవారు. ఆ పదహారింటికీ మాంటిళ్లు (మంట చుట్టూ ఉండి వెలుగిచ్చే చిన్న గుడ్డ సంచులు) కట్టడం, వాషర్లు మార్చడం నా చిన్నప్పటి పని. అప్పట్లో లైటు వాడి వాడి అరిగిపోయేది. ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం వాడకం వల్ల చెడినవి కావు, ముచ్చటపడి బాగుచేయబోతే చెడినవి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ముందు బాగా తోమి మెరిపించాలి, మిగతాది తర్వాత.

పెట్రోమాక్స్ ట్యాంకు ఇత్తడి చెంబు కాదు. వెలుగుతున్నప్పుడు అందులో సుమారు 2 బార్ ఒత్తిడి ఉంటుంది, కారు టైరులో ఉండే గాలికి దగ్గరదగ్గర. ఆ ఒత్తిడిని ఆపేది పలచటి ఇత్తడి రేకు ఒక్కటే. గరుకు కాగితం, బఫింగ్ చక్రం ఆ రేకునే తింటాయి. పైగా చాలా లైట్లకి ఇత్తడి మీద నికెల్ పూత ఉంటుంది. తోమగా తోమగా తెల్లటి పూత పోయి పసుపు రంగు బయటపడితే "అసలు ఇత్తడి వచ్చేసింది" అని సంబరపడతారు. పోయింది రక్షణ.

చింతపండుతో దేవుడి దీపాలు తోముకోండి, ఏమీ కాదు. ట్యాంకు అడుగు అతుకులో మాత్రం ఆ పులుపు దిగిందంటే ఎంత కడిగినా పూర్తిగా రాదు. నేను వాడేది గోరువెచ్చటి నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు, మెత్తటి గుడ్డ. జిడ్డు మొండిగా ఉంటే కాస్త కిరోసిన్. మెరుపు తక్కువగానే ఉంటుంది, ఉండనివ్వండి. సొట్టలూ అంతే. వేడి చేసి, లోపల గాలి పట్టించి సొట్ట తీసే పనితనం ఒకటి వీడియోల్లో చూశాను, చూస్తుంటేనే నాకు చెమట పట్టింది.

అపోహ: ఇత్తడికి తుప్పు పట్టదు, ఎక్కడ పడేసినా యాభై ఏళ్లుంటుంది.

దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఆ గృహప్రవేశం లైటు కథ ఇక్కడే ఉంది.

బ్రిటిష్ వాళ్ల కాలంలో మన దేశంలోని సైన్యానికి ఒక వింత సమస్య వచ్చింది. వానాకాలంలో తూటాలను గుర్రపు సాలల్లో నిల్వ చేసేవారు. వానలు వెలిశాక తీసి చూస్తే ఇత్తడి తొడుగులు ఎవరూ ముట్టుకోకుండానే పగిలి ఉండేవి. ఏదో రుతువుకి సంబంధించినదనుకుని దానికి 'సీజన్ క్రాకింగ్' అని పేరు పెట్టారు. అసలు కారణం 1921లో తేలింది. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, గాలిలో తేమ, ఆకారం కోసం సాగదీసినప్పుడు ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు, ఈ మూడూ కలిస్తే లోహం చీలుతుంది. పైకి తుప్పు కనబడదు. గీత మాత్రమే ఉంటుంది.

మన ఊళ్లలో కరెంటు వచ్చాక పెట్రోమాక్సులు ఎక్కడికి చేరాయి? గొడ్లసావిట్లోకి. ఏళ్ల తరబడి పేడ, మూత్రం, వానాకాలపు చెమ్మ. ట్యాంకు కూడా రేకుని సాగదీసి చేసినదే, కాబట్టి బిగువు దాని పుట్టుకలోనే ఉంది. ఆయన లైటు ముప్పై ఏళ్లు సావిడి అటక మీద ఉందని నేను అడిగాక చెప్పారు. బఫింగ్ చేసిన కుర్రాడు ఆ గీతల్ని ఇంకా పలచన చేశాడు, అంతే తేడా. బజార్లో దొరికే కొన్ని ఇత్తడి పాలిష్‌లలో కూడా అమ్మోనియా ఉంటుంది. డబ్బా తెరవగానే ముక్కు ఘాటెక్కితే దాన్ని ట్యాంకు దగ్గరికి రానివ్వకండి.

అపోహ: కన్నం పడితే ఎం-సీల్ పెట్టేస్తే సరిపోతుంది.

నీళ్ల బిందెకి సరిపోతుంది. ట్యాంకు పైభాగం మంటకి దగ్గరగా ఉండి వేడెక్కుతుంది, లోపల కిరోసిన్, ఒత్తిడి. ఆ జిగురు ముద్ద ఎప్పుడు ఊడుతుందో చెప్పలేం, ఊడిన రోజున మంట పక్కనే ఉంటుంది. అతుకు దగ్గర చిన్న కన్నమైతే టంకంతో మాటు వేయవచ్చు. వేసే ముందు ట్యాంకుని సబ్బునీళ్లతో పలుమార్లు కడిగి, పని చేసే చోటు దాకా నీళ్లు నింపి పెట్టాలి. ఖాళీ ట్యాంకులో మిగిలిన కిరోసిన్ ఆవిరి మీద మంట చూపించడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. సావిడి గీతలు ఉన్న ట్యాంకుకి నేను మాటు కూడా వేయను. ఒకచోట మూస్తే పక్కన చీలుతుంది. షోకేసులో పెట్టుకోమని తిరిగి ఇచ్చేస్తాను, కొందరికి కోపం వస్తుంది.

అపోహ: పేరులోనే 'పెట్రో' ఉంది, కాస్త పెట్రోలు కలిపితే త్వరగా అంటుకుంటుంది.

త్వరగా అంటుకుంటుంది, అది నిజమే, మీరు కూడా. ఈ లైటు బెర్లిన్‌లోని ఎరిష్ అండ్ గ్రెట్స్ కంపెనీది. దాన్ని తయారు చేయించిన మాక్స్ గ్రెట్స్ పేరులోని 'మాక్స్', 'పెట్రోలియం' కలిపి పేరు పెట్టారు. జర్మన్ భాషలో పెట్రోలియం అంటే మన కిరసనాయిలే. పెట్రోలు ఆవిరి మామూలు గది వేడికే నిప్పందుకుంటుంది, కిరోసిన్ అలా కాదు. కిరోసిన్ కోసం చేసిన ట్యాంకులో పెట్రోలు పోస్తే అది లైటు కాదు, బాంబు.

ఈ గందరగోళానికి ఇంకో కారణం అమెరికా నుంచి వచ్చిన కోల్‌మన్ లాంతర్లు. వాటిలో చాలావరకు వైట్ గ్యాస్ అనే పెట్రోలు జాతి ఇంధనానికి చేసినవి. డాలస్‌లో బావగారు అది పోసి వెలిగిస్తారు, ఫోనులో చెబుతారు, ఇక్కడ మనం పెట్రోమాక్స్‌లో పోస్తాం. ఏ లైటుకి ఏ ఇంధనమో దాని మీదే చూసుకోవాలి.

డీజిలు సంగతీ అడుగుతున్నారు, రేషన్ షాపుల్లో నీలం కిరోసిన్ కనబడకుండా పోయాక. డీజిలు పేలదు గానీ ఆవిరి గొట్టంలో మసి గట్టిపడి నాలుగు రోజుల్లో పూడిపోతుంది.

అపోహ: ఇది గ్యాస్ లైటు, పంపు కొట్టి అగ్గిపుల్ల గీస్తే వెలుగుతుంది.

ఊళ్లలో గ్యాస్ లైటనే పిలిచేవాళ్లం, ఆ పేరు పూర్తిగా తప్పేం కాదు. మండేది ఆవిరే. ట్యాంకులోని గాలి కిరోసిన్‌ని పైకి తోస్తుంది, మంట పక్క నుంచి వెళ్లే ఇత్తడి గొట్టంలో అది ఆవిరవుతుంది, గొట్టం చివర నిపిల్ అనే భాగానికుండే సన్నటి కన్నం నుంచి దూసుకొచ్చి గాలిని లాక్కుని మాంటిల్‌లో నీలంగా మండుతుంది. అంటే గొట్టం ముందే వేడెక్కి ఉండాలి. చిన్న గిన్నెలో స్పిరిట్ పోసి అంటించి, నిమిషంన్నర ఆగాలి. ఈ నిమిషంన్నర ఎవరికీ ఓపిక ఉండదు. చల్లటి గొట్టంలోకి కిరోసిన్ వదిలితే అది ద్రవంగానే పడి, మాంటిల్ తడిసి, లైటు మొత్తం పసుపు మంటతో భగ్గుమంటుంది.

అలా జరిగితే ఊదకండి, నీళ్లు పోయకండి. ట్యాంకు మూత దగ్గర గాలి వదిలే చిన్న మర ఉంటుంది, దాన్ని తిప్పండి. ఒత్తిడి పోగానే కిరోసిన్ ఎక్కడం ఆగిపోతుంది, మంట దానంతటదే చిన్నబోతుంది. మా నాన్న లైటు మోసే ప్రతి మనిషికీ మొదట నేర్పింది వెలిగించడం కాదు, ఈ మర తిప్పడం.

అపోహ: ఎంత గాలి కొడితే అంత వెలుగు.

మీటరు మీద ఎర్ర గీత దాకానే. దాటితే మాంటిల్ బయట కూడా మంట ఆడుతుంది, వెలుగు పెరగదు.

అపోహ: పంపు పట్టడం లేదంటే పంపు పోయినట్టే.

పదికి తొమ్మిదిసార్లు పోయింది తోలు వాషరు, అది కూడా పోలేదు, ఎండిపోయింది. పంపు కడ్డీ విప్పి, వాషరుని నూనెలో ఓ రాత్రి నానబెట్టి, పొద్దున వేలితో అంచులు విచ్చదీయండి. మళ్లీ గోడలు పట్టుకుంటుంది. మరీ చిరిగిపోతే సైకిల్ షాపులో పంపు వాషర్లు చూడండి, కొలతకి సరిపోయేది ఒకటి ఉంటుంది.

పంపు హ్యాండిల్ దానంతటది పైకి లేస్తున్నా, పంపు గొట్టంలో కిరోసిన్ కనిపిస్తున్నా తప్పు వేరే చోట ఉంది. అడుగున ఉండే వాల్వులో చిన్న రబ్బరు బిళ్ల గట్టిపడి, లోపలికి వెళ్లిన గాలిని వెనక్కి వదులుతోంది. ఆ బిళ్లకీ, మూత వాషరుకీ మామూలు రబ్బరు వేస్తే కిరోసిన్‌కి ఉబ్బిపోతుంది. నైట్రైల్ రబ్బరు అడగండి.

నిపిల్ పూడితే గుండుసూదితో పొడిచేవాళ్లు ఉన్నారు. ఆ కన్నం కొలత ప్రకారం చేసింది, ఒక్కసారి పెద్దదైతే జీవితాంతం ఆ లైటు ఎర్రగా, మసిగా మండుతుంది. లోపలే సూది ఉంది. పక్కనున్న చక్రం ఒక చుట్టు తిప్పితే అది కన్నంలో ఆడి శుభ్రం చేస్తుంది.

అపోహ: మాంటిల్ ఒక రకం వత్తి. అది విషం. లేదా, అది ఏమీ చేయదు.

మూడు రకాల వాళ్లూ వస్తారు. వత్తి కాదు. గుడ్డ సంచీని లోహ లవణాల్లో నానబెట్టి ఆరబెడతారు. మొదటిసారి అంటించినప్పుడు గుడ్డ కాలిపోయి లోహ భస్మపు గూడు మాత్రం మిగులుతుంది. వెలుగిచ్చేది ఆ బూడిదే, అందుకే వేలు తగిలితే రాలిపోతుంది. ఆస్ట్రియా శాస్త్రవేత్త కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాఖ్ 1885లో దీనికి పేటెంటు తీసుకున్నా, సరైన పాళ్లు 1891లో గానీ కుదరలేదు: తోరియం ఆక్సైడ్ 99 పాళ్లు, సీరియం ఆక్సైడ్ ఒక్క పాలు. ఆ ఒక్క పాలు లేకపోతే కళ్లు చెదిరే ఆ తెల్లటి వెలుగు రాదు. మా అమ్మ పులిహోరలో ఇంగువ గురించి ఇదే మాట అనేది.

తోరియం మోనజైట్ ఇసుక నుంచి వస్తుంది. 1909లో షోంబర్గ్ అనే జర్మన్ ఆయన తిరువాన్కూరు తీరంలో దాన్ని కనిపెట్టాక, మాంటిళ్ల కోసమే ఆ ఇసుక ఓడల్లో వెళ్లింది. మన భీమిలి తీరంలోనూ మోనజైట్ ఉంది.

తోరియంకి స్వల్పంగా రేడియోధార్మికత ఉంది. పక్కన కూర్చుని భోజనం చేస్తే ఏమీ కాదు, దాని కిరణాల్లో ఎక్కువ భాగం చర్మం దాటలేవు. ఆ బూడిద ముక్కులోకో నోట్లోకో పోతేనే ఇబ్బంది. పాత మాంటిల్ ఊడదీసేటప్పుడు ఉఫ్ అని ఊదకండి, తడిగుడ్డతో తుడిచి, చేతులు కడుక్కోండి. కొత్త మాంటిల్ మొదటిసారి కాల్చేటప్పుడు ఆరుబయట కాల్చండి. ఇప్పుడు ఇట్రియంతో చేసినవి కూడా దొరుకుతున్నాయి, ఇంట్లో పిల్లలుంటే అవే కొనండి. చిల్లుపడిన మాంటిల్‌తో నెట్టుకురావద్దు, ఆ చిల్లు నుంచి వచ్చే మంట సూటిగా గాజుకి తగిలి పగులుతుంది. మాంటిల్ కన్నా గాజు ఖరీదు చాలా ఎక్కువ.

కిటికీలు మూసిన గదిలో అసలు వెలిగించకండి, మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన ఉండదు.

అపోహ: 500 సీపీ అంటే 500 వాట్ల బల్బు. ఒరిజినల్ జర్మన్‌ది లక్షలు పలుకుతుంది.

వాట్లు కావు, కొవ్వొత్తులు. సీపీ అంటే క్యాండిల్ పవర్, ఎన్ని కొవ్వొత్తుల వెలుగో చెప్పే లెక్క. జర్మన్ లైట్ల మీద 'హెచ్‌కే' అని ఉంటుంది, అది హెఫ్నర్ అనే ఆయన పేరున్న దీపపు కొలత, ఇప్పటి వెలుగు కొలత క్యాండెలాలో సుమారు 0.9. అంటే కంపెనీ చెప్పిన లెక్కే 450కి దిగింది. అది కూడా కొత్త మాంటిల్, నిండు ఒత్తిడి ఉన్నప్పుడు.

ధర సంగతికొస్తే, పెట్రోమాక్స్ నమూనాలో లెక్కలేనన్ని దేశాల్లో లైట్లు తయారయ్యాయి, మన దేశంలో కూడా. ముద్ర చూడగానే అసలుదని నమ్మేయకండి. బియ్యపు గింజల్ని లాగే పాత్ర కోట్లు పలుకుతుందనే రైస్ పుల్లర్ కథలు నమ్మినట్టు "పాత పెట్రోమాక్స్‌లో అరుదైన పదార్థం ఉందట" అని ఒకరిద్దరు నాకు ఫోను చేశారు. ఉన్న పదార్థం ఇత్తడి. నేను చూసిన అసలు జర్మన్ లైట్లకి గిరాకీ ఉంది గానీ, బఫింగ్ చేసినవాటికి మాత్రం తెలిసినవాళ్లు సగం కూడా ఇవ్వరు.

చివరగా, అమెరికా పిల్లలకి పంపాలనుకునేవాళ్లకి ఒక మాట. ఒక్కసారైనా కిరోసిన్ పోసిన లైటుని ట్యాంకు ఖాళీ చేసి సూట్‌కేసులో పెట్టేస్తే సరిపోదు, వాసన వస్తే విమానాశ్రయంలో ఆపేస్తారు. ముందే ఎయిర్‌లైన్‌ని అడగండి. గాజు విడిగా చుట్టండి. మాంటిల్ తీసేయండి, ఎలాగూ గన్నవరం దాటేలోపే రాలిపోతుంది.