తెరుచుకోని తూటాల పెట్టె

సైన్యం వాడి వదిలేసిన తూటాల పెట్టె ఖాళీది దొరికితే పనివాళ్లు వదలరు. గట్టి ఇనుప రేకు, మూత లోపల గాడిలో రబ్బరు వాషర్, లాగి బిగించే గొళ్లెం. కర్నూలులో బోరు మోటార్లు బాగుచేసే ఒకాయన అందులో బేరింగులు, వైండింగ్ తీగ పెట్టుకుంటారు. దుమ్ము, వాన, చీమ ఏదీ లోపలికి పోదు. కొన్ని పొద్దుల్లో మాత్రం ఆయన చెయ్యి కూడా పోదు. గొళ్లెం ఊడుతుంది, మూత కదలదు. పిడి మూత మీదే ఉంటుంది కాబట్టి పట్టుకుని లాగితే మూత రాకపోగా పెట్టె మొత్తం పైకి లేస్తుంది. తుప్పు పట్టిందని గునపం అందుకుంటారు. అక్కడ తుప్పేమీ లేదు. మూతను నొక్కి పెట్టింది గాలి.

ముందే ఒక మాట. ఇదంతా ఖాళీ పెట్టెల సంగతి. లోపల ఏముందో తెలియని సీలు పెట్టె కనబడితే చెయ్యి వేయకుండా పోలీసులకు చెప్పాలి. లైసెన్సు లేకుండా తూటాలు దగ్గర ఉంచుకోవడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం.

ఇక లెక్క. మార్చి మధ్యాహ్నం రేకుల షెడ్డులో 42 డిగ్రీల వేడిలో పెట్టె మూశారు. మర్నాడు తెల్లవారుజామున పొలంలో 20 డిగ్రీలు. లోపల చిక్కుకున్న గాలి చల్లబడితే దాని పీడనం సుమారు 7 శాతం పడిపోతుంది. బయటి గాలి చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో బరువుతో ఎప్పుడూ నొక్కుతూనే ఉంటుంది. బాగా వాడుకలో ఉన్న అమెరికా రకం పెట్టెలో మూత దాదాపు 28 సెంటీమీటర్ల పొడవు, 14 సెంటీమీటర్ల వెడల్పు. గుణిస్తే మూత మీద బయటి నుంచి దాదాపు 390 కిలోలు. లోపలి గాలి ఇప్పుడు అందులో 7 శాతం తక్కువగా తోస్తుంది కాబట్టి మూత మీద 27 కిలోల బరువు తేలుతుంది! వేడి అన్నం పెట్టి మూసిన స్టీలు క్యారియర్ చల్లారాక మొండికేయడం కూడా ఈ బాపతే.

కీలు ఒక చివర, గొళ్లెం మరో చివర ఉంటాయి కాబట్టి గొళ్లెం వైపు అంచు పట్టి ఎత్తితే అందులో సగం బలం చాలు. పిడి పట్టి నిలువునా లాగితే ఆ సౌకర్యం పోతుంది.

ఎత్తు కూడా తోడవుతుంది, ఎత్తైన చోట గాలి తక్కువగా నొక్కుతుంది కాబట్టి. బెంగళూరు సముద్రమట్టానికి 920 మీటర్ల ఎత్తున ఉంది, కడప 138 మీటర్లే. బెంగళూరులో మూసిన పెట్టెను కడపలో తెరవబోతే వేడిలో తేడా లేకున్నా మూత మీద 30 కిలోలకు పైగా పడుతుంది. విమానాల్లో పంపే పరికరాల పెట్టెలకు గాలి సమం చేసే చిన్న వాల్వు పెట్టేది ఇందుకే.

ఇంత బిగువు ఎందుకంటే, తేమ తూటాకు శత్రువు. దీనికి మన దేశంలోనే పాత ఉదాహరణ ఉంది. బ్రిటిష్ సైన్యం ఇక్కడ వానాకాలంలో గుర్రపుశాలల్లో దాచిన ఇత్తడి తూటాలు వాటంతటవే పగిలేవి. కారణం ఖాయంగా తేలింది 1921లో: గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా. తయారీలో సాగదీసిన ఇత్తడిలో లాగుడు మిగిలిపోతుంది. తేమతో కలిసిన అమ్మోనియా ఆ లాగుడున్న చోట లోహపు రేణువుల మధ్య కొరుక్కుంటూ పోతుంది. తూటా ఇత్తడి గొట్టాన్ని తయారీలోనే కాస్త వేడిచేసి ఆ లాగుడు వదిలిస్తే పగుళ్లు ఆగాయి. సోవియట్ వాళ్లు ఇంకో అడుగు వేసి మూతే లేకుండా రేకు డబ్బాను పూర్తిగా అతికేశారు. కొయ్య పెట్టెలో రెండు డబ్బాలు, వాటిని కోయడానికి ఒక కత్తి. నాకైతే ఇదే నిజాయితీగల పద్ధతి అనిపిస్తుంది.

మూత తెరవడానికి గునపం వద్దు. పెట్టెను కాసేపు ఎండలో పెడితే ముదురు ఆకుపచ్చ రేకు త్వరగా వేడెక్కి లోపలి పీడనం పెరుగుతుంది. తర్వాత గొళ్లెం వైపు మూలలో ప్లాస్టిక్ స్కేలు దూర్చితే గాలి బుస్సుమని లోపలికి పోతుంది. స్క్రూడ్రైవరైతే వాషర్‌ను చీరేస్తుంది. అప్పటికీ రాకపోతే ఏళ్ల తరబడి నలిగిన రబ్బరు రంగుకు అతుక్కుందన్నమాట. కొయ్య సుత్తితో మూత అంచు చుట్టూ మెల్లగా తట్టాలి.

తెరిచాక వాషర్ మీద పలచగా సిలికాన్ గ్రీజు రాస్తే మళ్లీ అతుక్కోదు. మోటారు గ్రీజు పనికిరాదు, మెకానిక్ చేతికి ముందు అందేది అదే అయినా! సహజ రబ్బరు పెట్రోలియం నూనెను పీల్చి ఉబ్బుతుంది. ఉబ్బిన వాషర్ గాడిలోంచి పైకి తేలితే ఈసారి గొళ్లెమే పడదు.