నడుస్తూ ఇంకో పని: డౌన్ సిండ్రోమ్ పిల్లలకు డ్యుయల్ టాస్క్ ఫిజియోథెరపీ

ఫిజియోథెరపీ గదిలో నేలకు అతికించిన రంగు టేపు మీద ఈ చివర నుంచి ఆ చివరకు పడకుండా నడిచే పిల్లవాడు, స్కూల్లో మధ్యాహ్న భోజనం ప్లేటు చేతికి రాగానే నాలుగడుగులు వేయలేక నిలబడిపోతాడు. ప్లేటులో అన్నం, పప్పు, అంచుకు దొర్లుతున్న గుడ్డు. వరసల్లో కూచున్న పిల్లల కాళ్ల మధ్య నుంచి దారి వెతుక్కోవాలి. వెనక నుంచి ఎవరో పేరు పెట్టి పిలుస్తారు, వాడు తల తిప్పుతాడు, గుడ్డు కింద పడుతుంది. మర్నాటి నుంచి వంట ఆయమ్మే పాపం అనుకుని ప్లేటు తెచ్చి వాడి ముందు పెడుతుంది. వాడికి నడక వచ్చు. నడుస్తూ ఇంకో పని చేయడం రాదు, అది ఎవరూ నేర్పలేదు కాబట్టి. ఇలా ఒకేసారి రెండు పనులు చేయడాన్నే డ్యుయల్ టాస్క్ అంటారు.

నల్లగొండ, దేవరకొండ, హాలియా వైపు నుంచి వచ్చే తల్లుల నోట ఈ మాట తరచూ వింటాను: "సార్, ఇంట్ల మంచిగనే నడుస్తడు. బజార్ల ఎవరన్న పిలిస్తే టక్కున ఆగిపోతడు, లేకుంటే పడ్తడు." దీన్ని ధ్యాస లేకపోవడం అనో, మొండితనం అనో కొట్టిపారేసేవాళ్లే ఎక్కువ. నా దృష్టిలో మాత్రం ఆ తల్లి ఒక పరీక్ష చేసి రిజల్ట్ చెబుతున్నట్టే. ఎందుకంటే అచ్చంగా ఇదే విషయం మీద 1997లో స్వీడన్‌లో లిల్లెమోర్ లుండిన్ ఓల్సన్ అనే ఫిజియోథెరపిస్టు బృందం లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక చిన్న పేపరు రాసింది. వాళ్లు చేసిందల్లా వృద్ధాశ్రమంలోని 58 మందితో నడుస్తూ మాట్లాడటం, అంతే. 12 మంది మాట్లాడటానికి నడక ఆపేశారు. ఆ 12 మందిలో 10 మంది ఆరు నెలల్లోపు ఎప్పుడో ఒకప్పుడు కిందపడ్డారు. మిషన్లు లేవు, స్కానింగులు లేవు, పక్కన నడుస్తూ కబుర్లు చెప్పడమే టెస్టు! అప్పట్నుంచి ఈ రెండు పనుల గొడవ ముసలివాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు, పార్కిన్సన్స్ ఉన్నవాళ్ల ఫిజియోథెరపీలోకి వచ్చింది, పిల్లల దగ్గరికి చాలా ఆలస్యంగా చేరింది.

డౌన్ సిండ్రోమ్ సంగతి కొంచెం చెప్పుకుందాం, తెలియనివాళ్లుంటారు. మనందరికీ 21వ క్రోమోజోమ్ రెండు కాపీలుంటాయి, వీళ్లకు మూడు. 1866లో ఇంగ్లండ్ డాక్టరు జాన్ లాంగ్డన్ డౌన్ ఈ లక్షణాలను రాసిపెట్టాడు గానీ కారణం తెలియడానికి 1959 దాకా ఆగాల్సి వచ్చింది, పారిస్‌లో జెరోమ్ లెజూన్, ఆయనతో పనిచేసినవాళ్లు ఆ అదనపు క్రోమోజోమ్‌ను చూపించేవరకు. సుమారు 700 నుంచి 1000 కాన్పులకు ఒకరు ఇలా పుడతారు. గ్రహణం నాడు తల్లి బయటికి వచ్చినందుకు కాదు, మేనరికం వల్ల కాదు, ఎవరి దిష్టీ కాదు. ఎక్కువమందిలో అండమో వీర్యకణమో తయారయ్యేటప్పుడు క్రోమోజోములు సరిగ్గా విడిపోకపోవడమే కారణం. తల్లి వయసు పెరిగేకొద్దీ ఆ అవకాశం పెరుగుతుంది, అయినా చిన్న వయసు తల్లులకూ పుడతారు.

నడక విషయానికొస్తే, వీళ్ల కండరాల్లో బిగువు తక్కువ, కీళ్లను పట్టి ఉంచే లిగమెంట్లు వదులు, పాదాలు చదును. పైగా శరీరాన్ని తూకంగా నిలబెట్టే చిన్నమెదడు పరిమాణం కూడా వీళ్లలో తక్కువ. అందుకే మిగతా పిల్లలు ఏడాది దాటగానే నడిస్తే వీళ్లు సగటున రెండేళ్లకు నడుస్తారు, కొందరు మూడేళ్లు దాటాక. కాళ్లు ఎడంగా పెట్టి, చిన్న చిన్న అడుగులతో, మోకాళ్లు బిగబట్టి నడుస్తారు. అది చేతగాని నడక కాదు, పడిపోకుండా వాళ్ల శరీరం వెతుక్కున్న ఉపాయం.

మామూలుగా పిల్లలకు నడక కొన్నాళ్లకు దానంతటదే జరిగిపోతుంది. చేతిలో బిస్కెట్ తింటూ, కుక్కను చూస్తూ, అమ్మ అడిగిన దానికి జవాబు చెబుతూ నడుస్తారు, కాళ్ల గురించి ఆలోచించరు. డౌన్ సిండ్రోమ్ పిల్లలకు ఆ దశ రావడానికి చాలా కాలం పడుతుంది. ప్రతి అడుగుకూ మెదడు కొంత ధ్యాస ఖర్చు పెడుతూనే ఉంటుంది. ఆ ధ్యాసకేమో ఒక హద్దుంది. ఎండాకాలం ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద బోరు మోటార్లన్నీ ఒక్కసారి ఆన్ చేస్తే వోల్టేజీ పడిపోయి ఏదీ సరిగా తిరగదు చూడండి, ఇదీ అలాంటిదే. రెండో పని మీదికి రాగానే నడక నెమ్మదిస్తుంది, అడుగు పొట్టిదవుతుంది, లేదా చేతిలోది ఒలికిపోతుంది. కొందరు పిల్లలు నడక ఆపి చేతి పని కాపాడుకుంటారు, కొందరు చేతిలోది వదిలేసి నడుస్తారు. ఏ పిల్లవాడు దేన్ని వదులుతున్నాడో చూడటం ఫిజియో మొదటి పని.

మరి నడకను ఇంకా బాగా ప్రాక్టీసు చేయిస్తే సరిపోదా అంటే, సరిపోదనే అనిపిస్తోంది. 2009లో అమెరికాలో బ్యాలెన్స్ తగ్గిన వృద్ధుల మీద జరిగిన ఒక అధ్యయనంలో ఒక్క పనితో శిక్షణ తీసుకున్నవాళ్లు ఒక్క పనిలోనే మెరుగయ్యారు. నడుస్తూ లెక్కలు చెప్పేటప్పుడు కూడా వేగం పెరిగింది మాత్రం రెండు పనులతో శిక్షణ తీసుకున్నవాళ్లకే. అందులోనూ "ఇప్పుడు నడక మీద ధ్యాస పెట్టు, ఇప్పుడు లెక్క మీద పెట్టు" అని మార్చి మార్చి చెప్పిన గుంపుకు ఆ లాభం శిక్షణ ఆగాక కూడా నిలబడింది. వృద్ధుల ఫలితాన్ని పిల్లల మీద నేరుగా రుద్దలేం. డౌన్ సిండ్రోమ్ పిల్లలతో జరిగినవి ఎక్కువగా తక్కువమందితో, కొన్ని వారాలు సాగిన చిన్న అధ్యయనాలు. కాబట్టి దీన్ని అద్భుతం అని అమ్మేవాళ్లను నమ్మకండి. ప్యాకేజీ పేరుతో వేలు గుంజే చోట్లు కూడా వస్తున్నాయి, దీనికి కావాల్సింది ఒక గ్లాసు, ఒక సంచి, ఒక బంతి.

రెండో పని ఏది అన్న దగ్గర తప్పులు ఎక్కువ జరుగుతాయి. పుస్తకాల్లో పెద్దవాళ్లకు వాడేది వంద నుంచి మూడు మూడు తగ్గిస్తూ లెక్కపెట్టడం. దాన్నే పిల్లలకు "ఇరవై నుంచి వెనక్కి చెప్పు" అని దింపేస్తారు. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో చెవితో విన్నది కాసేపు గుర్తుంచుకునే శక్తి బలహీనం, కళ్లతో చూసి నేర్చుకునేది దానికంటే మెరుగు. వెనక్కి లెక్కపెట్టమంటే వాడు ఫెయిలయ్యేది లెక్కలో, మనం రాసుకునేది నడక బాలేదని! అందుకే చేతి పనితో మొదలుపెట్టాలి. ఖాళీ స్టీలు గ్లాసు పట్టుకుని వాకిట్లో నడక. అది కుదిరాక గ్లాసులో గుప్పెడు పల్లీలు, తర్వాత సగం నీళ్లు, ఆ తర్వాత రెండు చేతులతో ప్లేటు, ప్లేటులో నిమ్మకాయ. నోటితో చెప్పడం తగ్గించి మీరు ముందు నడిచి చూపించండి, రెండే ముక్కల్లో చెప్పండి. ఆలోచించే పని తర్వాత వస్తుంది, అదీ కంటికి కనబడేదే: గోడకు బొమ్మలు అంటించి, నడుస్తూ ఆవు ఎక్కడుందో చూపించమనడం, దారిలో ఎర్ర మూతలు మాత్రం ఏరి బుట్టలో వేయమనడం. జంతువుల పేర్లు చెబుతూ నడవడం ఇంకా తర్వాత. మొదట నిలబడి చేసి, ఆ తర్వాతే నడుస్తూ చేయాలి.

నడక ఇంకా సరిగా రాని పిల్లలకు ఇది తొందర. వాళ్లకు కావాల్సింది అడుగే. 2001లో అమెరికాలో డేల్ ఉల్రిక్ బృందం డౌన్ సిండ్రోమ్ పసిపిల్లలను చిన్న ట్రెడ్‌మిల్ మీద పట్టుకుని అడుగులు వేయించింది, రోజుకు 8 నిమిషాలు, వారానికి ఐదు రోజులు. ఆ పిల్లలు మిగతావాళ్లకంటే సగటున 101 రోజుల ముందు నడిచారు. నాకు ఇందులో నచ్చింది ట్రెడ్‌మిల్ కాదు. ఆ పని చేయించింది తల్లిదండ్రులు, జరిగింది ఇంట్లో. చందంపేట తండా నుంచి జిల్లా ఆసుపత్రికి రావాలంటే ఆ రోజు కూలి పోయినట్టే, బస్సు ఖర్చు అదనం. వారానికి మూడుసార్లు రమ్మని కాగితం మీద రాయడం మాకు తేలికే. ఎనిమిది నిమిషాలు ఇంట్లో చేయించడం మాత్రం ఎవరికైనా కుదురుతుంది.

అలాగని ఆసుపత్రి అక్కర్లేదని కాదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం చూసే జబ్బుల జాబితాలో డౌన్ సిండ్రోమ్ ఉంది, అంగన్‌వాడీకి, బడికి వచ్చే ఆ బృందాలు పిల్లలను జిల్లాలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతాయి. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి, అక్కడికి ఫిజియో ఏ రోజు వస్తారో టీచరును అడిగి ఆ రోజే వెళ్లండి. వెళ్లినప్పుడు "ఎక్సర్‌సైజ్ చేయించండి" అనకుండా "బస్సు ఎక్కేటప్పుడు సంచి పట్టుకుంటే పడిపోతున్నాడు" అని చెబితే ఫిజియో దాన్నే ప్రాక్టీసుగా మారుస్తారు.

తేడా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి ఫోన్లో స్టాప్‌వాచ్ చాలు. పిల్లవాడిని కుర్చీలో కూచోబెట్టి, మూడు మీటర్ల దూరంలో చెప్పు పెట్టి, లేచి దాన్ని చుట్టి వచ్చి కూచోమనండి. 12 సెకన్లు పట్టిందనుకుందాం. అదే గ్లాసు నీళ్లతో చేస్తే 18 అయితే, రెండో పని వల్ల 50 శాతం ఎక్కువ టైం పట్టినట్టు. నెల తర్వాత మళ్లీ చూడండి, ఎన్ని నీళ్లు ఒలికాయో కూడా చూడండి, ఎందుకంటే కొందరు పిల్లలు టైం తగ్గించి నీళ్లన్నీ పారబోసి వస్తారు, నవ్వుకుంటూ!

మొదలుపెట్టే ముందు చూడాల్సినవి కొన్నున్నాయి. వీళ్లలో దాదాపు సగం మందికి పుట్టుకతో గుండె లోపం ఉంటుంది, గుండె పరీక్ష అయ్యిందా లేదా కచ్చితంగా కనుక్కోవాలి. చెవిలో నీరు చేరి సరిగా వినబడకపోవడం, చూపు తక్కువగా ఉండటం, థైరాయిడ్ సమస్య, ఇవన్నీ వీళ్లలో తరచూ కనబడతాయి. పిలిస్తే పలకని పిల్లవాడికి నిజంగా వినబడుతోందా అన్నది ముందు తేలాలి. మెడలో పైనున్న రెండు ఎముకల మధ్య కొందరికి వదులు ఉంటుంది, అందుకని పల్టీలు, తలకిందులు ఆటలు వద్దు, జాతర్లో ట్రాంపొలిన్ మీద చిన్నపిల్లలను ఎగరనివ్వొద్దు. బాగా నడిచే పిల్లవాడు ఉన్నట్టుండి తడబడుతున్నా, మెడ ఒకవైపు వంచి పెడుతున్నా, చేతుల్లో పట్టు తగ్గినా, కొత్తగా బట్టల్లో మూత్రం పోస్తున్నా శిక్షణ ఆపేసి అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

ఇక నాకు బాగా ఇష్టమైన డ్యుయల్ టాస్క్ మన దగ్గరే ఉంది, ఏ పాఠ్యపుస్తకమూ చెప్పకపోయినా. బతుకమ్మ ఆడేటప్పుడు అడుగు వేయాలి, వంగాలి, చప్పట్లు కొట్టాలి, పాటకు వంత పాడాలి, పక్కవాళ్లకు తగలకుండా వలయంలో తిరగాలి. ఇది రెండు కాదు, ఐదు పనులు. కానీ తాళం ఒక్కటే, చూసి అనుకరించడానికి చుట్టూ ఇరవై మంది ఉంటారు, తప్పు అడుగు వేసినా ఎవరూ ఆపరు. చూసి నేర్చుకునే పిల్లలకు ఇంతకంటే ఏం కావాలి? ఎంగిలిపూల బతుకమ్మ నాడు నేరుగా గుంపులో వదలకుండా, ముందు నెల రోజులు ఇంట్లో అమ్మమ్మతోనో అక్కతోనో కూచుని చప్పట్లు మాత్రం, తర్వాత నిలబడి చప్పట్లు, ఆపై అడుగుతో చప్పట్లు చేయించండి. వంగడం, పాట పండగ రోజుకు వదిలేయండి. డీజే పెట్టే చోటికి కాకుండా నోటితో పాడే వాడకు తీసుకెళ్లండి, డీజే హోరులో పిల్లలు బెదిరిపోతారు. ఆడపిల్లకే అని కాదు, మగపిల్లవాడినీ చెయ్యి పట్టుకుని వలయంలోకి తీసుకురండి, చిన్నపిల్లల్ని మన ఊళ్లలో ఎవరూ వద్దనరు.