ఎత్యెన్ పేరులో అరిగిపోయిన గడప

చిరంజీవులకు ఆశీస్సులు.

1783లో వేడిగాలి బెలూన్ ఎగరేసిన మోంగోల్ఫియే అన్నదమ్ముల్లో చిన్నవాడి పేరు ఎత్యెన్ అని చదివి, "స్టీఫెనూ ఇదీ ఒకటే పేరంటారు, మొదటి అక్షరమైనా కలవదేం?" అని అడిగారు.

రెండూ గ్రీకు స్తెఫనోస్ నుంచి వచ్చినవే. కిరీటం అని అర్థం. బంగారు కిరీటం అనుకునేరు! ఒలింపియా ఆటల్లో గెలిచినవాడి తలకు చుట్టిన ఆలివ్ కొమ్మ కూడా స్తెఫనోసే. తెలుగు బైబిల్లో రాళ్ళదెబ్బలకు చనిపోయిన స్తెఫనుదీ ఈ పేరే. ఆయన మీది భక్తితోనే ఇది ఫ్రాన్సులో పాతుకుంది.

మరి 'స్' ఎటుపోయింది? పెద్దవాళ్ళు 'ఇస్కూలు', 'ఇస్టేషను' అనడం వినే ఉంటారు. మాట మొదట్లోనే స్క, స్ట వస్తే నాలుకకి ఎత్తైన గడప అడ్డమొచ్చినట్టే. అందుకని ముందు ఒక పీట వేస్తాం, అదే 'ఇ'. ఒకప్పుడు లాటిన్ మాట్లాడిన ఫ్రాన్సు జనమూ అదే చేశారు, వాళ్ళ పీట 'ఎ'. గ్రీకు స్తెఫనోస్ లాటిన్‌లో స్తెఫనుస్, దాని ముందు ఎ చేరింది. నొక్కి పలికే 'తె' 'త్యె' అయింది, ఫకారం కరిగిపోయింది: ఎస్త్యెన్. తర్వాత హల్లు ముందున్న సకారాన్ని పలకడమే మానేశారు. చూశారా, గడప అరిగిపోయింది, పీట మిగిలింది! రాతలో మాత్రం ఎస్ ఇంకా వేలాడింది. 16వ శతాబ్దపు పారిస్ ముద్రాపకుడు రొబేర్ ఎత్యెన్ ఇంటిపేరులో అది కనిపిస్తుంది. 1740లో ఫ్రెంచి అకాడమీ నిఘంటువు అలాంటి మూగ ఎస్‌లను చాలా మాటల్లోంచి తీసేసి, అచ్చు నెత్తిన గీత పెట్టింది. గడప ఉండేదని గుర్తన్నమాట.

స్తెఫాన్ అనే పేరూ ఫ్రెంచిలో వేరే ఉంది. అది పుస్తకాల లాటిన్‌ని చూసి తర్వాత తెచ్చుకున్నది. మన శ్రీ తత్సమం, సిరి తద్భవం కదా. స్తెఫాన్ శ్రీ లాంటిది, ఎత్యెన్ సిరి లాంటిది. నాకైతే సిరే ముద్దు.

పలికేటప్పుడు 'ఎటియెన్నె' అనకండి. రెండే ముక్కలు, ఎ-త్యెన్. 'ట' కాదు, నాలుక పళ్ళకి తగిలే 'త'. చివరి నకారాన్ని ముక్కులో దాచకుండా తేటగా అనాలి.

ఇక మీ పని. ఎకోల్, ఎపోంజ్, ఎత్యుద్యాఁ అనే ఫ్రెంచి మాటల్లో పీట తీసి గడప పెట్టి చూడండి. స్కూలు, స్పాంజి, స్టూడెంటు కనిపిస్తాయి. ఎగ్లీజ్‌తో మాత్రం కుస్తీ పట్టకండి. చర్చి అనే ఆ మాటకి 'ఎ' మొదటినుంచీ సొంతం, పీట కాదు.

మీ తాతయ్య