ఆరుకి సున్నా: హాలిబర్టన్ గొడవలో అసలు మలుపు

కాలి గాయంతో ఆటకు దూరమైన టైరీస్ హాలిబర్టన్, అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఇండియానా పేసర్స్ జట్టు ఆటగాడు, మళ్లీ ఆటలోకి దిగుతాడన్న మాట వినబడగానే నల్లగొండలో పాత గొడవ మళ్లీ లేచింది. పొద్దున బాస్కెట్‌బాల్ ఆడి క్లాక్ టవర్ సెంటర్‌లో టీ తాగే కుర్రాళ్లలో సగం మంది అతన్ని పేరు పెట్టి పిలవరు, 'ఆరుకి సున్నా' అంటారు. 2025 ఎన్‌బీఏ ఫైనల్స్ ఐదో మ్యాచ్‌లో ఆరు షాట్లు వేస్తే ఒక్కటీ పడలేదు, ఆ పేరు అక్కడిది. మిగతా సగం ఆ మాట చెవిన పడితే చాలు, ఫోన్ తీసి అతను ఆఖరి సెకన్లలో వేసిన షాట్ల వీడియోలు పెడతారు. పాలమూరు నుంచి మ్యాచ్‌లకు వచ్చే కుర్రాళ్లలోనూ ఇదే చీలిక.

నల్లగొండకీ ఇండియానాకీ ఏం చుట్టరికం అంటే, ఇక్కడి నుంచి ఎమ్మెస్‌కి వెళ్లిన సీనియర్ ఒకతను ఇండియానాపోలిస్‌లో ఉంటాడు. పేసర్స్ జెర్సీలు మొదట అతని సూట్‌కేసులోనే దిగాయి. టైము కూడా కలిసొచ్చింది. అక్కడ రాత్రి ఎనిమిదిన్నరకి మొదలయ్యే ఫైనల్ మనకు పొద్దున ఆరింటికి, ఎండెక్కేలోపు అయిపోతుంది.

2020 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను వరుసగా ఎంచుకునే చోట) 12వ స్థానంలో శాక్రమెంటో జట్టు అతన్ని తీసుకోవడం, 2022 ఫిబ్రవరిలో సబోనిస్ అనే ఆటగాడి కోసం ఇండియానాకి ఇచ్చేయడం తెలిసిన సంగతులే. ఈ గొడవకి అవి అక్కర్లేదు కూడా. అక్కరకొచ్చేది 2025 ఏప్రిల్‌లో 'ది అథ్లెటిక్' ఆటగాళ్లతో పేర్లు బయటపెట్టకుండా చేయించిన సర్వే. లీగ్‌లో స్థాయికి మించి పేరొచ్చిన ఆటగాడు ఎవరని అడిగితే, ఎక్కువ మంది హాలిబర్టన్ అన్నారు, 14.4 శాతం. ఏడుగురిలో ఒకరు అన్నమాట. మిగిలిన ఆరుగురు ఏమన్నారో ఎవరికీ గుర్తులేదు, ఆ హెడ్‌లైన్ మాత్రం అతని మెడకు చుట్టుకుంది. సీజన్‌లో మ్యాచ్‌కి సగటున 18.6 పాయింట్లు, 9.2 అసిస్టులు (తోటివాడు బంతి రింగులో వేసేలా ఇచ్చిన పాసులు) చేసిన పాయింట్ గార్డ్‌కి, అంటే బంతి పట్టుకుని ఆట నడిపించేవాడికి, అది కాస్త మోటు బిరుదే.

తర్వాతి రెండు నెలల కథ, అంటే సీజన్ అయ్యాక జరిగే నాకౌట్ సిరీస్‌లు ప్లేఆఫ్స్, అందరికీ నోటికొచ్చు. మిల్‌వాకీ మీద ఐదో మ్యాచ్ ఓవర్‌టైమ్‌లో ఆఖరి నిమిషానికి 7 పాయింట్లు వెనకబడి, 1.3 సెకన్లు ఉండగా లేఅప్‌తో (రింగు దాకా దూసుకెళ్లి వేసే షాట్) 119-118. క్లీవ్‌లాండ్ మీద రెండో మ్యాచ్‌లో తన ఫ్రీ త్రో (ఫౌల్‌కి ఇచ్చే షాట్) తప్పితే ఆ బంతిని తనే అందుకుని, 1.1 సెకన్లు ఉండగా త్రీ (గీత బయటి నుంచి వేసే మూడు పాయింట్ల షాట్) వేసి 120-119. న్యూయార్క్‌లో రింగు మీద నుంచి ఆకాశానికి లేచి మళ్లీ అందులోనే పడిన షాట్. త్రీ అనుకుని గొంతు పట్టుకుని సంబరం చేసుకున్నాడు, చూస్తే కాలు గీత మీద ఉంది, రెండే పాయింట్లు. 125-125తో ఓవర్‌టైమ్‌కి వెళ్లి 138-135తో గెలిచారు. ఆఖరిది ఓక్లహామా సిటీలో థండర్ జట్టు మీద, ఫైనల్స్ మొదటి మ్యాచ్, మనకు జూన్ 6 ఉదయం. 0.3 సెకన్లు ఉండగా వేసిన షాట్‌తో 111-110. ఆ మ్యాచ్ మొత్తంలో పేసర్స్ ముందున్నది ఆ 0.3 సెకన్లే.

'ఆరుకి సున్నా' వర్గం ఇక్కడే పట్టుకుంటుంది. ఆ మ్యాచ్‌లో పేసర్స్ 25 సార్లు బంతి పోగొట్టుకున్నారు, పాయింట్ గార్డ్ చేతిలో ఆట ఉంటే అంత ఎందుకు పోతుంది, ఆఖర్లో అంత వెనకబడటం ఎందుకు అని. న్యూయార్క్‌తో సిరీస్ గెలిచినప్పుడు ఎమ్‌వీపీ (మేటి ఆటగాడి అవార్డు) హాలిబర్టన్‌కి రాలేదు, తోటి ఆటగాడు పాస్కల్ సియాకమ్‌కి వచ్చింది, అదీ లెక్కే. అబద్ధాలేం కావు. కానీ అదే సిరీస్ నాలుగో మ్యాచ్‌లో 32 పాయింట్లు, 12 రీబౌండ్లు (తప్పిన షాట్ల బంతిని అందుకోవడం), 15 అసిస్టులు, ఒక్క బంతి కూడా పోగొట్టకుండా ఆడిన సంగతి వాళ్లు ఎత్తరు.

ఇంతవరకూ ఇది మామూలు అభిమానుల గొడవే. ఏ ఆటగాడి మీదైనా ఉంటుంది. దీన్ని వేరే గొడవగా మార్చింది ఫైనల్స్ ఐదో మ్యాచ్, మనకు జూన్ 17 ఉదయం.

అప్పటికి సిరీస్ 2-2. రెండో మ్యాచ్ అయ్యాకే అతను కుంటుతూ కనిపించాడు. మూడో మ్యాచ్‌లో 22 పాయింట్లు, 11 అసిస్టులు చేసేసరికి ఆ కుంటడం ఎవరికీ గుర్తులేదు. ఐదో మ్యాచ్ మొదటి క్వార్టర్‌లో బంతితో లోపలికి దూసుకెళ్తూ జారి పడ్డాడు. కుడి పిక్క పట్టేసింది. లాకర్ రూమ్‌కి వెళ్లి, కాలికి కట్టు వేయించుకుని తిరిగొచ్చాడు. తర్వాత ఆడింది హాలిబర్టన్ ఆట కాదు. బంతి అందగానే వదిలించుకోవడం, గోడ మీద ఒరిగినట్టు మూలన నిలబడటం. లెక్క చూస్తే ఫ్రీ త్రోలతో 4 పాయింట్లు, 7 రీబౌండ్లు, 6 అసిస్టులు, షాట్లు ఆరుకి సున్నా. థండర్ 120-109తో గెలిచింది. జేలెన్ విలియమ్స్ 40, షై గిల్జస్-అలెగ్జాండర్ 31.

ఆ మ్యాచ్‌లోనే ఇంకో సంగతి ఉంది, రెండు వర్గాలూ దాన్ని సగం సగం చెప్తాయి. పేసర్స్ బెంచీ మీద నుంచి వచ్చిన టి.జె. మెకానెల్ 18 పాయింట్లు చేశాడు, అందులో 13 మూడో క్వార్టర్‌లోనే. నాలుగో క్వార్టర్‌లో తేడా 2 పాయింట్లకి వచ్చింది కూడా. అంటే మ్యాచ్ అందే దూరంలోనే ఉంది. పాలమూరు కుర్రాడొకడు దీన్ని భలే పట్టుకున్నాడు: "మెకానెల్ పద్దెనిమిది కొట్టిండు, ఇతను నాలుగు. ఒంటికాలి మీదున్నోడు పక్కకు జరిగితే అయిపోయేది గదన్నా? హీరో కావాల్నని ఉండి మ్యాచ్ పోగొట్టిండు."

కోపంతో అన్నా, ఆ కుర్రాడు వేసింది సరైన ప్రశ్నే. పక్కకు జరగాల్సింది ఎవరు, జరపాల్సింది ఎవరు? నా లెక్కలో గొడవంతా అక్కడుంది. ఆ ఉదయం దాకా మాట్లాడుకున్నది అతని ఆట గురించి, ఆ తర్వాత మాట్లాడుకోవాల్సింది అతన్ని ఆడించడం గురించి. మనవాళ్లు మాత్రం ఇంకా స్కోర్‌కార్డు పట్టుకునే కొట్లాడుతున్నారు.

ఒక ఏడాది వెనక్కి వెళ్తే ఇది ఇంకొంచెం అర్థమవుతుంది. 2024లో బోస్టన్‌తో ఈస్ట్ ఫైనల్స్ (ఎన్‌బీఏ ఫైనల్స్‌కి ముందు సిరీస్) రెండో మ్యాచ్‌లో అతని తొడ వెనక కండరం పట్టేసింది. మూడు, నాలుగు మ్యాచ్‌లకి అతను లేడు, పేసర్స్ 4-0తో ఓడి ఇంటికెళ్లింది. పెద్ద మ్యాచ్‌లు బెంచీ వెనక కూర్చుని చూడటం ఎలా ఉంటుందో ఒకసారి తెలిసినవాడు, ఫైనల్స్‌లో రెండోసారి కూర్చుంటానని తనంతట తను అంటాడా? సర్వే హెడ్‌లైన్ కూడా మెడకే ఉంది మరి. స్కానింగ్‌లో పిక్క కండరం దెబ్బతిందని తేలాక అతను చెప్పిన మాట కూడా అదే: మామూలు సీజన్ అయితే కొన్నాళ్లు ఆగేవాణ్ని, ఇది ఫైనల్స్ అని.

నల్లగొండలో పిల్లలకి ఆట నేర్పే పీఈటీ సార్ ఒకాయన ఈ గొడవలో మూడో మనిషి. అటూ ఇటూ ఎవరూ ఆయన్ని తమ లెక్కలో వేసుకోరు. కాలు మడతపడ్డ పిల్లాడికి క్రేప్ బ్యాండేజ్ కట్టడం ఆయన దగ్గర చూడాలి. పాదం మధ్య నుంచి మొదలుపెట్టి, మడమ చుట్టూ ఎనిమిది అంకెలా తిప్పి, పిక్క సగం దాకా తెచ్చి ఆపుతారు. కట్టే ముందు ప్రతి పిల్లాడికీ పిక్క కింద, మడమ పైన గట్టిగా తాడులా తగిలే చోట బొటనవేలితో నొక్కి చూస్తారు. పిక్కలోని రెండు కండరాలు కిందికి దిగి కలిసేది అక్కడే. దాన్నే అకిలీస్ టెండన్ అంటారు. నిలబడిన చోటు నుంచి ఒక్కసారిగా ముందుకు దూకాలంటే ఒంటి బరువంతా ఆ తాడు మీదే పడుతుంది. పైన కండరం సరిగా పనిచేయకపోతే కింద తాడు మీద ఏం పడుతుందో పిల్లలకి ఆయన వేరే చెప్పనక్కర్లేదు, నొక్కితే వాళ్లే ఎగిరి పడతారు.

హాలిబర్టన్ గురించి అడిగితే ఆయన అన్నది ఇంతే: "నొప్పి చెప్తది, పిల్లగాడు చెప్పడు. ఆడ్తవా అని పిల్లగాన్ని అడిగితే ఆడ్త అనే అంటడు. అడగాల్సింది వాన్ని కాదు."

పిక్క నొప్పితో ఆడితే అకిలీస్ తెగి తీరుతుందని డాక్టర్లెవరూ ఖాయంగా చెప్పరు. నిజమే. అయినా బాస్కెట్‌బాల్ చూసేవాళ్లకి 2019 మర్చిపోయేది కాదు. కెవిన్ డ్యురాంట్‌కి కుడి పిక్క పట్టేసింది, నెల రోజులు కూర్చున్నాడు, ఫైనల్స్ ఐదో మ్యాచ్‌లో దిగాడు, కాసేపటికే అదే కాలి అకిలీస్ తెగింది. అతను నెల ఆగి దిగాడు. హాలిబర్టన్ ఆగింది మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య ఉన్న రోజులు. ఇంకోటి, 2024-25 సీజన్‌లో ఎన్‌బీఏలో ఏడుగురికి అకిలీస్ తెగింది, ఆ ఏడుగురిలో ముగ్గురు పేసర్స్ వాళ్లే. జేమ్స్ వైజ్‌మన్, ఐజయా జాక్సన్‌ల పేర్లు ఈ గొడవలో ఎందుకో ఎవరూ ఎత్తరు. ఆ ఇద్దరూ సీజన్ మొదటి వారాల్లోనే పడిపోయారు. ఒకే జట్టులో మూడోది జరిగే ముందు ఎవరో ఒకరు గట్టిగా వద్దనాల్సింది కాదా అంటే, హాలిబర్టన్ వర్గం కూడా నీళ్లు నములుతుంది. (లిలార్డ్, టేటమ్, హాలిబర్టన్, ఆ ప్లేఆఫ్స్‌లో అకిలీస్ తెగిన ముగ్గురి జెర్సీ నంబరూ సున్నానే. దీని మీద నల్లగొండలో జాతకాలు కూడా చెప్పేశారు.)

వద్దని అనకపోవడానికి కారణం ఆరో మ్యాచ్. ఆడతాడా లేదా అన్నది ఆఖరి దాకా తేల్చలేదు. దిగాడు, 23 నిమిషాలు, 14 పాయింట్లు, 5 అసిస్టులు. సగం ఆటకే 64-42, చివరికి 108-91. కోచ్ రిక్ కార్లైల్ అతన్ని తొందరగానే బెంచీకి పిలిచాడు కానీ, అప్పటికి అందరికీ నమ్మకం కుదిరిపోయింది. ఐదో మ్యాచ్ ఇచ్చిన హెచ్చరికని ఆరో మ్యాచ్ తుడిచేసింది. ఆరో మ్యాచ్ కూడా చెత్తగా పోయి ఉంటే ఏమయ్యేదో, ఓడి ఇంటికెళ్లి పిక్క మానేదాకా పడుకునేవాడేమో.

ఏడో మ్యాచ్ మనకు జూన్ 23, సోమవారం ఉదయం ఐదున్నరకి. మొదటి ఏడు నిమిషాల్లో మూడు త్రీలు, 9 పాయింట్లు. పిక్క గురించి అందరూ మర్చిపోయేంత బాగా ఆడుతున్నాడు. త్రీ గీత బయట బంతి అందుకుని, కుడి కాలు నేలకి తన్ని ముందుకు దూకబోయాడు. ఎవరూ తగల్లేదు. కూలబడి, అరచేత్తో నేలని బాదాడు. ఆ దెబ్బల చప్పుడు టీవీలో చూసినవాళ్లకి స్కోరు చెప్పనక్కర్లేదు. అతను లేకుండానే పేసర్స్ సగం ఆటకి 48-47తో ముందుంది. మూడో క్వార్టర్‌లో థండర్ 34, పేసర్స్ 20. చివరికి 103-91. షైకి 29 పాయింట్లు, 12 అసిస్టులు, ఫైనల్స్ ఎమ్‌వీపీ. షై అభిమానులు అడిగేదాంట్లో న్యాయం లేకపోలేదు: కప్పు గెలిచిన పాయింట్ గార్డ్‌ని వదిలేసి, ఓడినవాడి కాలి గురించి ఇన్నాళ్లు ఎందుకు మాట్లాడుతున్నారని.

ఆపరేషన్ అయ్యాక హాలిబర్టన్ రాసింది కూడా గొడవకి పనికొచ్చింది. మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ ఆడతాననే రాశాడు. అభిమానులు దాన్ని స్టేటస్‌లు పెట్టుకున్నారు, పీఈటీ సార్ తల అడ్డంగా ఊపారు.

ఆ జూలైలోనే పేసర్స్ 2025-26 మొత్తానికి అతను ఆడడని చెప్పేసింది. అతను లేని జట్టు ఆ సీజన్ మొదటి వారాల్లోనే అట్టడుగున పడింది. అతని విలువ ఇప్పుడైనా తెలిసిందా అని హాలిబర్టన్ వర్గం అడిగితే, సెంటర్ స్థానంలో ఆడే మైల్స్ టర్నర్ మిల్‌వాకీకి వెళ్లిపోయిన సంగతి ఎందుకు చెప్పరని ఎదుటి వర్గం. రెండూ నిజమే, రెండూ ఐదో మ్యాచ్ ప్రశ్నకి దూరమే.

ఇప్పుడు నడుస్తున్న పందెం వేరు. తిరిగొచ్చాక వరుసగా రెండు రాత్రులు మ్యాచ్‌లుంటే రెండోదానికి అతన్ని కూర్చోబెడతారా లేదా అని. కాంట్రాక్టు 2028-29 దాకా ఉంది కాబట్టి కూర్చోబెడతారనే నా అంచనా. క్లాక్ టవర్ దగ్గర 'ఆరుకి సున్నా' వర్గం ఇప్పటినుంచే దానికి పిరికితనం అని పేరు పెట్టేసింది. ఐదో మ్యాచ్‌లో పక్కకు జరగలేదేమని అడిగింది కూడా వాళ్లే.