పరీక్షించిన రక్తంలోంచీ హెచ్‌ఐవీ ఎలా తప్పించుకుంటుంది?

2018 డిసెంబరులో తమిళనాడులోని సాత్తూరు ప్రభుత్వాసుపత్రిలో రక్తహీనత ఉన్న ఓ గర్భిణికి రక్తం ఎక్కించారు. ఆ రక్తంతోనే ఆమెకు హెచ్‌ఐవీ సోకింది. సంగతి బయటపెట్టింది రక్తమిచ్చిన యువకుడే. విదేశీ ఉద్యోగం కోసం చేయించుకున్న పరీక్షలో తనకు హెచ్‌ఐవీ ఉందని తెలియగానే వచ్చి చెప్పాడు. నిజానికి 2016లో ఓ శిబిరంలో అతనిచ్చిన రక్తంలోనే అది కనబడింది. ఆ కబురు మాత్రం అతనికి చేరలేదు. తర్వాత అతను ప్రాణం తీసుకున్నాడు. నిజం చెప్పడానికి వచ్చిన మనిషిని కూడా కాపాడుకోలేకపోయాం.

ఈ లోపాల వేర్లు చాలా వెనక్కి పోతాయి. 1986లో మద్రాసు మెడికల్ కాలేజీలో డాక్టర్ సునీతి సోలమన్ పర్యవేక్షణలో, నిర్మల అనే విద్యార్థిని రక్త నమూనాలను ఐసుపెట్టెలో పెట్టుకుని రాత్రి రైల్లో వెల్లూరు సీఎంసీకి తీసుకెళ్లింది. హెచ్‌ఐవీని పసిగట్టే ఎలైజా అనే రక్తపరీక్షలో ఆరు నమూనాలు పసుపు రంగుకు తిరిగాయి. దేశంలో హెచ్‌ఐవీ జాడ మొదట దొరికింది అలా. దానం చేసిన రక్తానికి ఈ పరీక్ష తప్పనిసరి అయింది 1989లో.

అప్పట్లో చాలా రక్తం అమ్ముకునేవాళ్ల నుంచే వచ్చేది. పూట గడవడానికి రక్తం అమ్మేవాడు తన జబ్బు సంగతి చెప్పడు, చెబితే ఆ రోజు డబ్బు రాదు. కామన్ కాజ్ సంస్థ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996 జనవరి 4న తీర్పిచ్చింది. దాని ప్రకారం 1998 జనవరి 1 నుంచి రక్తం అమ్మకం ఆగాలి. కానీ ‘డోనర్‌ను తెచ్చుకోండి’ అనే మాట మిగిలిపోయింది. ఆపరేషన్ ముందురోజు బంధువుల మీద పడే ఈ ఒత్తిడిలో, డబ్బు తీసుకుని ‘బావమరిది’గా సంతకం పెట్టేవాడు మళ్లీ లోపలికి వస్తాడు. మొహమాటానికి వచ్చిన అసలు బావమరిదీ అన్నీ చెప్పలేడు.

పరీక్ష ఉంది కదా అంటారు. వైరస్ ఒంట్లో చేరిన రోజే పరీక్షకు దొరకదు. వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీలను వెతికే పరీక్షకు దాదాపు మూడు వారాలు, పీ24 యాంటిజెన్ అనే వైరస్ ప్రొటీన్‌ను కూడా చూసే పరీక్షకు రెండు వారాలకు పైగా, వైరస్ జన్యుపదార్థాన్నే పట్టే న్యాట్‌కు పది పదకొండు రోజులు పడుతుంది. ఇదే విండో పీరియడ్. ఈ వ్యవధిలో ఇచ్చిన రక్తం ‘నెగెటివ్’ ముద్రతోనే బయటికి వస్తుంది. ఫ్రిజ్‌లో 2 నుంచి 6 డిగ్రీల దగ్గర నిల్వ ఉంచినంత మాత్రాన వైరస్ చావదు. అలాంటి రక్తం ఎక్కితే పదిలో తొమ్మిది మందికి పైగా సోకుతుంది. పైగా ఒక యూనిట్‌ను ఎర్రకణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లుగా విడదీస్తారు. అంటే ఒక్క పొరపాటు ముగ్గురి మంచాల దగ్గరికి వెళ్లగలదు.

అందుకే సూది గుచ్చేముందు దాతను అడిగే ప్రశ్నలే అసలు కాపలా. స్నేహితులంతా వరుసగా కూర్చున్న శిబిరంలో, అందరూ వింటుండగా ‘కండోమ్ లేకుండా కలిశారా?’ అని అడిగితే ఎవరు నిజం చెబుతారు? తెర చాటునో, వేరే గదిలోనో అడగాలి. రక్తమివ్వడం వల్ల దాతకు మాత్రం హెచ్‌ఐవీ రాదు. ఆ సూది, సంచి ఒక్కరికే వాడతారు.

అనుమానం తీర్చుకోవడానికి రక్తదానం చేయకండి. అందుకు ప్రభుత్వాసుపత్రుల్లోని ఐసీటీసీలు, అంటే హెచ్‌ఐవీ సలహా, పరీక్షా కేంద్రాలున్నాయి. పరీక్ష ఉచితం, వివరాలు గోప్యం. 1097కు ఫోన్ చేసినా చెబుతారు. హెచ్‌ఐవీ సోకే అవకాశమున్న ఘటన జరిగి 72 గంటలు దాటకపోతే, 28 రోజుల నివారణ మందులు వాడే వీలుంది. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు.

మీవాళ్లకు రక్తం ఎక్కించేటప్పుడు సంచి మీద చీటీని నర్సుతో కలిసి చదవండి: గ్రూపు, సేకరించిన తేదీ, గడువు, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా ఫలితాలు. ఒక్కటి లేకపోయినా ఎక్కించకముందే అడగండి.