చివరి విమానం ఎక్కకపోతే కంపెనీలకు ఎందుకంత కోపం?

ఢిల్లీ నుంచి బెంగళూరుకు నేరు టికెట్ ఒక రేటు ఉంటుంది, అదే ఢిల్లీ నుంచి బెంగళూరు మీదుగా కోయంబత్తూరుకు చూస్తే ఒక్కోసారి అంతకంటే తక్కువకే దొరుకుతుంది. అనంతపురంలో కూర్చుని టికెట్లు వెతికేవాళ్లలో చాలామందికి ఇది కంటపడే ఉంటుంది, ఎందుకంటే మన ఊళ్లో ఎయిర్‌పోర్టు లేదు, మనకు ఎయిర్‌పోర్టు అంటే బెంగళూరు పక్కనున్న దేవనహళ్లే. వెంటనే వచ్చే ఆలోచన కూడా ఒకటే. కోయంబత్తూరు టికెట్ కొని, బెంగళూరులోనే దిగిపోయి, హైవే ఎక్కి పెనుకొండ మీదుగా ఇంటికొచ్చేస్తే పోలా? సీటుకు డబ్బు కట్టేశాం, దిగిపోతే వాళ్లకు పోయేదేముంది?

దీన్ని హిడెన్ సిటీ టికెట్ అంటారు, స్కిప్‌లాగింగ్ అని కూడా అంటారు. దీని మూలం 1978 నాటి అమెరికాలో ఉంది.

అప్పటిదాకా అక్కడ రాష్ట్రాల మధ్య విమాన చార్జీలను సివిల్ ఏరోనాటిక్స్ బోర్డు అనే ప్రభుత్వ సంస్థ చేతిలో పెట్టుకుంది, చార్జీ చాలావరకు దూరాన్ని బట్టే ఉండేది. 1978 అక్టోబరులో అప్పటి అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో ఆ పద్ధతి పోయింది, ఎవరి రేటు వాళ్లు పెట్టుకోవచ్చు. కంపెనీలు ఒక్కో పెద్ద ఊరిని అడ్డాగా చేసుకుని అన్ని వైపుల ప్రయాణికులనూ అక్కడికే చేర్చి, విమానం మార్చి పంపడం పెంచాయి. డెల్టా అనే కంపెనీకి అట్లాంటా, అమెరికన్ ఎయిర్‌లైన్స్‌కు డాలస్. తన అడ్డాలో పోటీ తక్కువ కాబట్టి అక్కడ దిగేవాడి దగ్గర ఎక్కువ లాగొచ్చు. ఆ ఊరు దాటి ఇంకో ఊరికి పోయేవాడికి మాత్రం వేరే అడ్డాల మీదుగా తీసుకెళ్లే కంపెనీలు నాలుగుంటాయి, అందుకని అతనికి తగ్గించి ఇవ్వాల్సిందే. అలా దూరం పోయేవాడికి చవక, దగ్గర దిగేవాడికి ప్రియం అయింది. ఈ తిరకాసు పుట్టింది రేటు కట్టే పద్ధతిలోనే, ప్రయాణికుడి బుద్ధిలో కాదు.

మన ప్రైవేటు బస్సుల సంగతి తెలిసిందే. హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే స్లీపర్‌లో కర్నూలులో దిగాలన్నా, అనంతపురంలో దిగాలన్నా చాలాసార్లు బెంగళూరు దాకా చార్జీ అడుగుతారు. బాధగానే ఉంటుంది, అయినా కడతాం. కానీ అలా కట్టి మధ్యలో దిగినవాణ్ణి పట్టుకుని, నువ్వు చివరిదాకా ఎందుకు రాలేదు, ఇంకొంచెం కట్టు అనే ట్రావెల్స్ వాళ్లు ఉండరు. విమాన కంపెనీ అంటుంది, కోర్టుకు కూడా పోతుంది.

కాగితం టికెట్ల కాలంలో ఒక్కో విమానానికి ఒక్కో కూపన్ చించేవాళ్లు. ఆఖరి కూపన్ జేబులోనే ఉండిపోతే కంపెనీకి తెలిసేసరికి చాలా రోజులయ్యేది. 2008 జూన్ నుంచి కంపెనీలు దాదాపుగా ఈ-టికెట్లకు మారిపోయాక, ఎవరు ఎక్కలేదో ఆ క్షణానే కంప్యూటర్లో కనబడుతోంది.

మన దేశంలో 1953లో విమాన కంపెనీలను జాతీయం చేశారు, ఆ చట్టం 1994లో రద్దయింది. తర్వాత 2003లో బెంగళూరు కేంద్రంగా వచ్చిన ఎయిర్ డెక్కన్ లాంటి చవక కంపెనీలు ఏ విమానానికి ఆ టికెట్ అన్నట్టు అమ్మాయి, కాబట్టి ఈ గొడవకు పెద్దగా చోటు లేకపోయింది. ఆ చవక కంపెనీలే పెద్దవై కనెక్షన్ టికెట్లు అమ్మడం మొదలుపెట్టాక ఇక్కడా కనబడుతోంది.

కోర్టు కేసులు అసలు చదవాల్సినవి. 2013లో ఇలాంటి టికెట్లు వెతికిపెట్టే స్కిప్‌లాగ్డ్ అనే వెబ్‌సైట్ వచ్చింది. 2014లో అమెరికా విమాన కంపెనీ యునైటెడ్ దాని మీద కేసు వేసింది, మా పరిధిలోకి రాదని షికాగో కోర్టు 2015లో కొట్టేసింది. జర్మనీలో అక్కడి విమాన కంపెనీ లుఫ్తాన్సా ఏకంగా ప్రయాణికుడి మీదకే పోయింది. అతను ఓస్లో నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా సియాటిల్‌కు రానూపోనూ టికెట్ కొని, తిరుగు ప్రయాణంలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగిపోయి, విడిగా కొన్న టికెట్‌తో బెర్లిన్ వెళ్లాడు. కట్టింది దాదాపు 657 యూరోలు, కంపెనీ అదనంగా అడిగింది 2,112! 2018 డిసెంబరులో బెర్లిన్ కోర్టు ఒప్పుకోలేదు. అదనపు మొత్తాన్ని ఎలా లెక్కకడతారో నిబంధనల్లో స్పష్టంగా లేదంది. ఇక 2024 అక్టోబరులో టెక్సాస్ జ్యూరీ అమెరికన్ ఎయిర్‌లైన్స్‌కు స్కిప్‌లాగ్డ్ 94 లక్షల డాలర్లు కట్టాలని చెప్పింది, కానీ అది అమెరికన్ లోగో వాడుకున్నందుకు, మధ్యలో దిగిన ప్రయాణికుల జోలికి పోలేదు.

మీ కోసం గేటు దగ్గర పేరు పిలుస్తూ ఆగాల్సి వస్తుందని కంపెనీలు అంటాయి, అది నిజమే, మిగతావాళ్లకు ఆలస్యం. కానీ సీటు ఖాళీగా పోయిందన్న ఏడుపు మాత్రం నాకు అర్థం కాదు, ఆ సీటుకు డబ్బు ముందే వచ్చేసింది కదా. ఇది నేరం కాదు, కంపెనీ నిబంధనల ఉల్లంఘన. అంటే పోలీసులు రారు గానీ, పట్టుకుంటే తరచూ ఎక్కేవాళ్లకు కంపెనీ ఇచ్చే పాయింట్లు తీసేయొచ్చు, మళ్లీ ఎక్కనివ్వకపోవచ్చు.

బ్యాగుకు కట్టే కాగితం పట్టీ మీద పెద్ద అక్షరాల్లో ఆఖరి ఊరి కోడ్ ఉంటుంది, కోయంబత్తూరైతే సీజేబీ. కౌంటర్లో ఇచ్చిన పెట్టె అక్కడికే పోతుంది. చేతి బ్యాగుతోనే వెళ్లినా, పైన చోటు లేదని గేటు దగ్గర తీసుకుంటే అదే టెన్షన్. కువైట్ నుంచి వచ్చే మన కడప వాళ్లకు మాత్రం కస్టమ్స్ కోసం సాధారణంగా మన దేశంలో దిగిన మొదటి ఎయిర్‌పోర్టులోనే పెట్టె చేతికొస్తుంది. రానూపోనూ ఒకే టికెట్ అయితే పోయేటప్పుడు ఈ పని అస్సలు చేయొద్దు, ఒక్క విమానం ఎక్కకపోయినా మిగతా ప్రయాణమంతా కంప్యూటర్ రద్దు చేసేస్తుంది.