కాల్పుల ఆటలు, పిల్లల కోపం: అపోహలు - వాస్తవాలు

కౌమార వయసు పిల్లలకు కౌన్సెలింగ్ ఇవ్వడం నా పని. "వీడు ఎప్పుడు చూసినా ఆ కాల్పుల ఆటలోనే ఉంటాడు. రేపు ఎవరినైనా ఏమైనా చేస్తాడేమో!" అంటూ వచ్చే తల్లిదండ్రులు నాకు కొత్త కాదు. ఆ మాట వింటూ పిల్లవాడు పక్కనే నేలచూపులు చూస్తుంటాడు.

అపోహ: హింసాత్మక ఆటలు పిల్లలను నేరస్థులను చేస్తాయి.

వాస్తవం: అలా తేల్చడానికి తగిన ఆధారాలు లేవని అక్కడి మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘం అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020లో చెప్పింది. అమెరికాలో పాఠశాలలపై దాడి చేసిన 41 మంది గురించి అక్కడి భద్రతా సంస్థ సీక్రెట్ సర్వీస్ 2002లో నివేదిక ఇచ్చింది. వారిలో ఇలాంటి ఆటలపై ఆసక్తి చూపినవారు ఎనిమిదో వంతు మాత్రమే.

అపోహ: అయితే ప్రభావమే లేదన్నమాట.

వాస్తవం: ఆటల అభిమానుల ఈ వాదననూ నేను ఒప్పుకోను. అరవడం, తోసేయడం వంటి దుడుకుతనంతో స్వల్పమైన సంబంధం ఉందని అదే సైకలాజికల్ అసోసియేషన్ చెప్పింది. 2018లో 24 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు కూడా చిన్నపాటి ప్రభావమే కనిపించింది. 2019లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 14, 15 ఏళ్ల పిల్లలు సుమారు వెయ్యిమందిని పరిశీలించారు. పిల్లల ప్రవర్తన గురించి వారిని పెంచేవారినే అడిగారు. ఆ సంబంధం అసలు కనిపించలేదు. ఈ తేడాలకు కొలిచే తీరు కూడా ఒక కారణం. ఎదుటివారికి ఎంత ఘాటైన సాస్ వడ్డిస్తారు, ఎంత పెద్ద శబ్దం వినిపిస్తారు అన్నదాన్ని బట్టి దుడుకుతనాన్ని లెక్కగట్టిన ప్రయోగాలు ఉన్నాయి. దాన్నీ వీధి కొట్లాటనూ ఒకే గాటన కట్టడం నాకు మింగుడుపడదు.

అపోహ: తెర మీద రక్తం చూడటం వల్లే పిల్లవాడికి కోపం వస్తోంది.

వాస్తవం: చాలాసార్లు ఓటమే కారణం. 2014లో వెలువడిన ప్రయోగాల్లో, రక్తం చుక్కైనా లేని, పైనుంచి పడే ముక్కలను పేర్చే టెట్రిస్ ఆటను కావాలని చిక్కుగా మార్చి ఆడించినా ఆడినవారిలో కోపం పెరిగింది. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడు ఫోను గోడకేసి కొట్టాడు. అప్పుడు సమయం రాత్రి రెండు గంటలు, వరుసగా ఐదో ఓటమి. పైగా హెడ్‌ఫోన్‌లో సొంత జట్టువాళ్లే తిడుతున్నారు. ఇంట్లోవారికి ఆటలోని తుపాకీ తెలుసు గానీ ఆ తిట్ల సంగతి తెలియదు. నిద్ర వేళ మార్చి, ఆ జట్టు నుంచి బయటికి వచ్చాక గొడవలు తగ్గాయి. ఆట మాత్రం అదే.

అపోహ: గంటల తరబడి ఆడితే వ్యసనమే.

వాస్తవం: గంటల లెక్క ఒక్కటే చాలదు. అదుపు తప్పడం, మిగతా పనులన్నీ వెనక్కిపోవడం, నష్టం కనిపిస్తున్నా మానలేకపోవడం, ఇదంతా సాధారణంగా ఏడాదిపాటు సాగడం ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లక్షణాలు.

ఇక 18 ఏళ్లు నిండినవారికే అని ముద్ర ఉన్న ఆటను పదేళ్ల పిల్లవాడికి ఇవ్వవద్దని గట్టిగానే చెబుతాను. వాడు హంతకుడవుతాడన్న భయంతో కాదు, ఆ దృశ్యాలకు బెదిరి రాత్రి నిద్రపోడని.